మెత్తదనం కుండది, రుచి మనది



ఇవాళ ఒక అమెరికా వంట గురించి మాట్లాడుకుందాం. దాని పేరు పాట్ రోస్ట్. రోస్ట్ అనగానే కోడివేపుడు లాంటిదేదో కళ్లముందు మెదులుతుంది గానీ, ఇందులో వేగేది పావుగంట, ఉడికేది పగలంతా. కిలోన్నర కండను ముక్కలు కొట్టకుండా ఏకంగా కుండలో పెడతారు. ఉల్లిపాయలు, క్యారెట్లు, బంగాళాదుంపలు చేర్చి, మూతపెట్టి, ఎనిమిది గంటలు సన్నని వేడిమీద వదిలేస్తారు. సాయంత్రానికి కత్తితో పనుండదు. గరిటె ఆనిస్తే చాలు, పీచులు పీచులుగా విడిపోతుంది. దాని రసాన్నే చిక్కబరిచి పైన పోసుకుంటారు. అమెరికాలో ఆదివారం భోజనానికి పేరుపడ్డ వంట ఇది. ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్ వైపు దీన్ని యాంకీ పాట్ రోస్ట్ అంటారు. ఫ్రెంచివాళ్ల బెఫ్ ఆ లా మోద్, జర్మన్ల సావర్‌బ్రాటెన్ దీనికి దగ్గరి చుట్టాలు.

అక్కడ ఇది గొడ్డుమాంసం వంట. మనలో తినేవాళ్లున్నారు, తిననివాళ్లున్నారు. తిననివాళ్లు గొర్రె జబ్బతోనో మేక జబ్బతోనో చేసుకోవచ్చు, సూత్రం మారదు. కాబట్టి రేడియో కట్టేయకండి.

ఈ వంటను స్లో కుక్కర్‌లో, అంటే సన్నని వేడిమీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండలో, చేసినవాళ్ల దగ్గర తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. మాంసం మెత్తగా ఉడికింది, నోట్లో కరిగింది, కానీ రుచి లేదు అంటారు. మీద మిరియాలు ఎన్ని చల్లినా, ఉప్పు ఎంత వేసినా ఆ చప్పదనం పోదంటారు. నిజమే, పోదు. స్లో కుక్కర్‌కు చేతనైన పని మెత్తబరచడం ఒక్కటే. రుచి పుట్టించడం దానివల్ల కాదు. ఆ పని కొంత కుండలో పెట్టకముందు, కొంత కుండలోంచి తీశాక మనం చేసుకోవాలి. పొద్దున్నే అన్నీ పడేసి స్విచ్ వేస్తే చాలని ప్రకటనలు చెబుతాయి. ఆ మాటను సగమే నమ్మండి.

స్లో కుక్కర్ ఎలా పుట్టిందో తెలిస్తే ఈ సంగతి బాగా బోధపడుతుంది. షికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు ఉండేవాడు. యూదుల కుటుంబం. అసలు ఇంటిపేరు నాఖుమ్‌సోన్, తర్వాత నాక్సన్‌గా కుదించుకున్నాడు. యూదులకు శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా సబ్బాతు. ఆ వేళల్లో నిష్ఠాపరులు నిప్పు రాజేయరు. మరి శనివారం మధ్యాహ్నం వేడివేడిగా తినేదెలా? తూర్పు యూరప్ యూదులు దానికొక ఉపాయం కనిపెట్టుకున్నారు. మాంసం, చిక్కుడు గింజలు, బార్లీ, బంగాళాదుంపలు కలిపి చోలెంట్ అని ఒక వంటకం చేస్తారు. శుక్రవారం సాయంత్రం ఆ కుండను సర్ది రొట్టెలు కాల్చే బట్టీకి పంపేవారు. రొట్టెలన్నీ అయిపోయాక బట్టీలో మిగిలిన వేడిమీద అది రాత్రంతా ఉడికేది. నాక్సన్ తల్లిది లిథువేనియా వైపు విల్నా ప్రాంతం. చిన్నప్పుడు బేకరీ బట్టీలో చోలెంట్ ఎలా ఉడికేదో ఆమె కొడుక్కి చెబుతుండేదట. ఆ కబుర్లు విన్న కొడుకు, లోపల కుండ, చుట్టూ విద్యుత్ తీగతో వేడెక్కే గూడు, పైన మూత ఉన్న పాత్రను రూపొందించాడు. 1936లో పేటెంటుకు దరఖాస్తు పెడితే 1940లో చేతికొచ్చింది. నాక్సన్ బీనరీ అన్న పేరుతో, గింజలు ఉడికించే పాత్రగా అమ్మాడు. పెద్దగా పేరు రాలేదు.

1970లో కాన్సస్ సిటీకి చెందిన రైవల్ అనే కంపెనీ నాక్సన్ వ్యాపారాన్ని కొనేసింది. ఈ గింజల పాత్ర ఆ బేరంలో కలిసొచ్చిన వస్తువుల్లో ఒకటి. రైవల్ వాళ్లు దానికి మెరుగులు దిద్ది, 1971లో క్రాక్‌పాట్ అని కొత్త పేరు పెట్టి బజారులోకి తెచ్చారు. సమయం కలిసొచ్చింది. ఆడవాళ్లు పెద్దఎత్తున ఉద్యోగాల్లో చేరుతున్న కాలమది. 1973 తర్వాత చమురు ధరలు మండిపోయి, ఇంటింటా కరెంటు బిల్లు మీద చూపు పడింది. రెండు మూడు పాతకాలపు బల్బులు వెలిగే కరెంటుతో సాయంత్రానికి కూర తయారవుతుందంటే ఎవరికి చేదు? 1975లో మేబుల్ హాఫ్‌మన్ రాసిన క్రాకరీ కుకరీ అనే వంటల పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడైంది.

ఈ కథ చెప్పేవాళ్లు అంతటితో ఆపేస్తారు. నాకు ఆసక్తి అనిపించేది ఆ బట్టీ. రొట్టెల బట్టీ శుక్రవారం సాయంత్రం మండిపోతూ ఉంటుంది, తెల్లవారేసరికి వేడి బాగా తగ్గుతుంది. అంటే చోలెంట్ కుండకు మొదట గట్టి వేడి తగులుతుంది, నిదానపు ఉడుకు ఆ తర్వాత. మనవైపు దాలిగుంటను చూడండి. పిడకల నిప్పు మీద పాలకుండ ఎక్కిస్తే గంటల తరబడి కాగి పాలు ఎర్రబడేవి. మీద మందపాటి మీగడ, అడుగున గోకుడు. నీరు ఆవిరై పోయింది గనక పాలు చిక్కబడ్డాయి, రంగు తేలాయి, పొగవాసన కూడా పట్టాయి. హైదరాబాద్ హలీం సంగతీ అంతే. 2010లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న ఆ వంటకం డేగ్ అనే పెద్ద పాత్రలో గంటల కొద్దీ ఉడుకుతుంది. కానీ నెయ్యి, మసాలా, ఎర్రగా వేగిన ఉల్లిపాయ లేకుండా దాన్ని హలీం అని ఎవరూ ఒప్పుకోరు. స్లో కుక్కర్‌లో మొదటి గట్టి వేడి లేదు, ఆవిరి బయటికి పోయే దారి లేదు, పొగ లేదు. బట్టీ నుంచి నిదానాన్ని మాత్రం తీసుకుని మిగతావన్నీ వదిలేసిన యంత్రం అది. వదిలేసినవి మనమే తెచ్చి కలపాలి.

ముందు మెత్తదనం సంగతి తేల్చేద్దాం. జంతువు ఒంట్లో ఎక్కువ శ్రమపడే భాగాలు మెడ, భుజం, కాళ్లు. అక్కడి కండ గట్టిగా ఉంటుంది. కండ పోగులను పట్టి ఉంచే కొలాజెన్ అనే పదార్థం వాటిలో ఎక్కువ. కొలాజెన్ తడిలో, వేడిలో గంటల కొద్దీ ఉంటే జెలటిన్‌గా మారుతుంది. పాయా చల్లారితే జావలా గడ్డకట్టడానికి కారణం ఈ జెలటినే. 70 డిగ్రీల సెల్సియస్ దాటాక ఈ మార్పు ఊపందుకుంటుంది. చిక్కేమిటంటే, ఆ వేడి దగ్గరికి వచ్చేలోపే కండ పోగులు ముడుచుకుని తమలోని నీటిని బయటికి పిండేస్తాయి. అందుకే మూడో గంటలో మూత తీసి పొడిచి చూస్తే మాంసం రబ్బరులా సాగుతుంది. ఎక్కువ ఉడికిపోయిందని కంగారుపడి కట్టేసేవాళ్లున్నారు. అది ఉడకవలసినంత ఉడకలేదు, అంతే. ఇంకో నాలుగైదు గంటలు ఆగితే కొలాజెన్ కరిగి, ఆ ఎండిన పోగులకు పూతలా పట్టి, నోటికి మళ్లీ రసవంతంగా తగులుతుంది. మాంసం లోపలి వేడి 90 నుంచి 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడ కాసేపు నిలవాలి.

దీన్నిబట్టి ఏ ముక్క కొనాలో మీకే తెలిసిపోతుంది. అమెరికాలో దీనికి భుజం దగ్గరి చక్ అనే భాగం వాడతారు. దాంట్లో కొవ్వు చారలు చారలుగా ఉంటుంది, కొలాజెన్ దండిగా ఉంటుంది. ఒంటికి మంచిదని తొడ వెనకనుంచి కొవ్వులేని ముక్క తెచ్చుకుంటే ఎనిమిది గంటల తర్వాత మిగిలేది పీచు. గొర్రెలో, మేకలో అయితే ముందుకాలి జబ్బ. మన మటన్ కొట్లలో చెప్పేలోపే కత్తి ఆడించి ముక్కలు చేసేస్తారు. అమెరికాలో మనవాళ్లు మేకమాంసం కొనే హలాల్ దుకాణాల్లోనూ అదే అలవాటు. కాబట్టి ముందే గట్టిగా చెప్పాలి, జబ్బ మొత్తంగా కావాలి, కొట్టొద్దు అని. ఎముక ఉండనివ్వండి.

ఇక రుచి. దీనిలో మొదటి మెట్టు ముందు రాత్రే. కిలో మాంసానికి 12 గ్రాముల ఉప్పు, అంటే మెత్తని ఉప్పయితే రెండు టీస్పూన్లు, అన్నివైపులా పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు మొదట నీటిని బయటికి లాగుతుంది, తర్వాత ఆ ఉప్పునీరే నెమ్మదిగా లోపలికి ఇంకుతుంది. అంత మందమైన కండలోకి ఉప్పు వెళ్లాలంటే ఒక రాత్రి పడుతుంది. వండేటప్పుడు వేసిన ఉప్పు చాలావరకు పులుసులోనే ఉండిపోతుంది. ఫ్రిజ్‌లో ఇంకో లాభం, మాంసం పైభాగం ఆరిపోతుంది. ఆ ఆరుదల తర్వాతి మెట్టుకు ప్రాణం.

తర్వాతి మెట్టు ఎర్రగా వేయించడం. స్లో కుక్కర్ రుచి అంతా ఇక్కడే నిలుస్తుంది, లేకపోతే ఇక్కడే పోతుంది. మాంసంలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు గట్టి వేడిలో కలిసి వందల రకాల కొత్త వాసనలు పుట్టిస్తాయి. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లూయీ కమీయ్ మయార్ పేరుతో దీన్ని మయార్ చర్య అంటారు. కాలిన రొట్టె వాసన, వేగిన కాఫీ గింజ వాసన, దోసె అంచు వాసన, వీటన్నిటి వెనకా ఉన్నది ఇదే. ఇది చురుగ్గా జరగాలంటే 140 డిగ్రీల వేడి కావాలి. నీళ్లు ఉన్నచోట వేడి 100 డిగ్రీలు దాటదు. స్లో కుక్కర్ నిండా తడే గనక పగలంతా ఉంచినా మాంసం బూడిదరంగులోనే ఉంటుంది.

మరి ఎలా వేయించాలి? అడుగు మందమున్న ఇనుప మూకుడో బాణలో తీసుకోండి, నాన్‌స్టిక్ వద్దు. రెండు చెంచాల నూనె పోసి పొగ తేలబోయేదాకా కాగనివ్వండి. మాంసాన్ని గుడ్డతో అద్ది, తడి లేకుండా చేసి వేయండి. వేశాక కదపకూడదు. మనకు గరిటె పట్టుకుంటే తిప్పకుండా ఉండటం కష్టం, అయినా ఒక్కో వైపుకు నాలుగైదు నిమిషాలు ఓర్చుకోండి. బాగా వేగిన ముక్క తనంతట తాను మూకుడును వదులుతుంది. లాగితే రావడం లేదంటే ఇంకా వేగాలని అర్థం. ముదురు గోధుమరంగు రావాలి, నల్లబడకూడదు.

ఇలా వేయించితే మాంసంలో రసం లోపలే బందీ అవుతుందని ఇప్పటికీ టీవీల్లో చెబుతుంటారు. అది 1847 నాటి మాట. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు యూస్టస్ ఫాన్ లీబిగ్ అన్నది. అంత పెద్ద శాస్త్రజ్ఞుడు చెప్పాడు గనక వంటవాళ్లు నూరేళ్లకు పైగా నమ్మారు. వేయించిన ముక్క కూడా నీరు వదులుతుందని పరీక్షల్లో తేలింది. 1984లో హెరాల్డ్ మెగీ తన వంటల విజ్ఞాన గ్రంథంలో ఈ సంగతి వివరంగా రాశాడు. మనం మాంసాన్ని వేయించేది రుచి కోసం, రంగు కోసం. కారణం తప్పుగా చెప్పినా పని మాత్రం మానకూడదు.

మాంసం తీశాక మూకుడు అడుగున గోధుమరంగు చెక్కు కడుతుంది. దాన్ని కడిగేస్తే సగం వంటను తూములో పోసినట్టే. అదే మూకుట్లో రెండు పెద్ద ఉల్లిపాయలు పొడుగ్గా తరిగి వేసి, అంచులు ఎర్రబడేదాకా వేయించండి. పచ్చి ఉల్లిపాయను నేరుగా స్లో కుక్కర్‌లో వేస్తే సాయంత్రం దాకా ఉడికినా అదో రకం ఉడుకు వాసన వస్తుంది. మూత కింద ఆ వాసనకు పోయే దారి లేదు. ఉల్లిపాయల తర్వాత ఆరేడు వెల్లుల్లి రేకలు నలిపి వేయండి. దానిమీద రెండు పెద్ద చెంచాల టమాటా పేస్టు. టమాటా పేస్టు ఎరుపు పోయి ఇటుక రంగుకు తిరిగేదాకా వేయించాలి, లేకపోతే డబ్బా వాసన పోదు. చివర ఒక కప్పు ఎర్ర ద్రాక్ష వైన్ పోసి అడుగంతా గోకి, సగానికి సగం మరిగించండి. వైన్‌ను నేరుగా స్లో కుక్కర్‌లో పోయకండి. మూత కింద దాని ఘాటు ఆవిరి కాదు, గ్రేవీ సారా వాసన కొడుతుంది. వైన్ వాడనివాళ్లు ఒక కప్పు ఎముకల రసం గానీ నీళ్లు గానీ పోసి గోకండి. పులుపు సంగతి చివర చూసుకుందాం.

ఇంకో రెండు చెంచాల మాయ ఉంది. 1908లో జపాన్ శాస్త్రజ్ఞుడు కికునయె ఇకెడా సముద్రపు నాచు రసంలోంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, దాని రుచికి ఉమామి అని పేరుపెట్టాడు. పాట్ రోస్ట్‌లో ఆ లోతు రావడానికి సోయా సాస్ ఒక చెంచా, వూస్టర్‌షైర్ సాస్ ఒక చెంచా వేస్తారు. వూస్టర్‌షైర్ సాస్ 1837 నుంచి ఇంగ్లండులో లీ అండ్ పెరిన్స్ వాళ్లు అమ్ముతున్న సీసా. దాంట్లో వెనిగర్, ఉప్పులో ఊరిన ఆంకొవీ చేపలు, వెల్లుల్లి, బెల్లపు మడ్డితో పాటు మన చింతపండు ఉంటుంది. ఆ సీసా దొరక్కపోతే కాస్త చింతపండు గుజ్జు, చిటికెడు బెల్లం, సోయా సాస్ కలిపితే దాని పొరుగూరికి చేరతాం. ఎండు పుట్టగొడుగులు నాలుగు నానబెట్టి వేసినా మంచిదే.

ఆకుల సంగతి క్లుప్తంగా చెబుతాను. వాళ్లు థైమ్ రెమ్మలు, బే ఆకు వేస్తారు. థైమ్ వాసనకు మూలమైన థైమాల్ మన వాములోనూ ఉంది, కనుక చిటికెడు వాము సరిపోతుంది. చిటికెడు దాటితే బజ్జీ వాసన వస్తుంది, జాగ్రత్త. బే ఆకూ మన బిర్యానీ ఆకూ ఒకటి కావు, మనది దాల్చినచెక్క జాతి. అయినా వేసుకుంటే నష్టమేమీ లేదు.

ఇప్పుడు కుండ సర్దడం. ఇందులో అందరూ పోసేది ఎక్కువ నీళ్లు. పొయ్యిమీద కూర వండే చెయ్యి గనక, మాంసం మునిగేలా పోస్తాం. పొయ్యిమీద నీరు ఆవిరవుతుంది, స్లో కుక్కర్‌లో మూత లోపలి చెమట బొట్లుబొట్లుగా మళ్లీ కుండలోకే పడుతుంది. పైగా కిలోన్నర మాంసం తనలోంచి కప్పు నీళ్లదాకా తనే వదులుతుంది. మునిగేలా పోస్తే సాయంత్రానికి వచ్చేది గ్రేవీ కాదు, మాంసం కడిగిన నీళ్లు. మూకుట్లో గోకిన ఆ కాస్త రసమే చాలు, అది మాంసానికి సగం ఎత్తు వరకు వచ్చినా రాకపోయినా దిగులొద్దు. కుండ సగానికి తగ్గకుండా, మూడింట రెండు వంతులకు మించకుండా నిండాలి.

కూరగాయలు అడుగున, అంచుల వెంట సర్ది, మాంసం వాటిమీద పెట్టాలి. మనకు తోచే పద్ధతి దీనికి తలకిందులు, మాంసమే గట్టి గనక అడుగుకు తోస్తాం. క్యారెట్, బంగాళాదుంపలను గట్టిగా ఉంచే పెక్టిన్ సుమారు 85 డిగ్రీల దాకా లొంగదు. మాంసం 70లకే మెత్తబడటం మొదలుపెడుతుంది. స్లో కుక్కర్‌లో వేడి ఎక్కువగా పక్కగోడల నుంచి వస్తుంది. కాబట్టి దుంపలు గోడను ఆనుకోవాలి. వాటిని పెద్ద ముక్కలుగానే కోయండి, ఎనిమిది గంటలకు చిన్న ముక్కలు మాయమైపోతాయి. పులుపు కూడా పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. చింతపండు, వెనిగర్ లాంటివి మొదట్లోనే ఎక్కువ పోస్తే దుంపలు రాళ్లలా ఉండిపోతాయి. చింతపులుసులో దుంప ముందే పడితే ఉడకదని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే.

స్లో కుక్కర్ మీద లో, హై అని రెండు గుర్తులుంటాయి. హైలో ఎక్కువ వేడి, లోలో తక్కువ వేడి అని అనుకుంటాం. రెండూ చివరకు ఇంచుమించు అదే వేడికి, మరిగీ మరగనట్టుండే స్థాయికి చేరతాయి. తేడా అక్కడికి ఎంత త్వరగా చేరతాయన్నదే. పాట్ రోస్ట్‌కు లోలో ఎనిమిది నుంచి పది గంటలు, హైలో ఐదారు గంటలు. నా ఓటు లోకే. మేక జబ్బ చిన్నది, పలచన. దాన్ని ఏడో గంట నుంచి పరీక్షించవచ్చు. ఆ లోపల మూత తీయకండి. ఒక్కసారి తీస్తే పోయిన వేడి తిరిగి చేరడానికి పావుగంటో అరగంటో పడుతుంది. గాజుమూత పెట్టింది చూడ్డానికే, తీయడానికి కాదు.

మాంసం ఉడికింది. పని అయిపోయిందనుకుని పళ్లెంలో పెట్టేస్తే మళ్లీ మొదటి ఫిర్యాదు దగ్గరికే వస్తాం. మాంసాన్ని, కూరగాయలను మెల్లగా బయటికి తీసి కప్పి ఉంచండి. మిగిలిన రసాన్ని గిన్నెలోకి వడకట్టి పది నిమిషాలు ఆగితే కొవ్వు పైకి తేలుతుంది. దాన్ని చెంచాతో తీసేయండి. కిందిదాన్ని పొయ్యిమీద పెట్టి, మూత లేకుండా, సగానికి దగ్గరగా మరిగించండి. పగలంతా మూత కింద చిక్కుకున్న నీరు ఇప్పుడు పోవాలి. జెలటిన్ ఉంది గనక రసం తనంతట తనే పెదాలకు అంటుకునేంత చిక్కబడుతుంది. ఇంకా చిక్కన కావాలంటే చెంచాడు మొక్కజొన్న పిండి చల్లటి నీళ్లలో కలిపి పోయండి. ఉప్పు ఇప్పుడే చూడాలి, మరగకముందు చూస్తే తర్వాత ఉప్పు కషాయమవుతుంది. చివరగా ఒక చెంచా వెనిగరో, నిమ్మరసమో, పలచని చింతపులుసో పోయండి. ఎనిమిది గంటలు ఉడికిన వంటలో అన్ని రుచులూ కలిసిపోయి మొద్దుబారి ఉంటాయి. వాటిని విడదీసి చూపించేది ఈ పులుపు. గ్రేవీలో ఏదో తక్కువైందనిపించి ఉప్పు డబ్బా అందుకునేవాళ్లు ముందు నిమ్మచెక్క అందుకోవాలి. తాజా మిరియాలు, తాజా ఆకు, క్రీమ్ వేసేవాళ్లయితే క్రీమ్, అన్నీ ఈ ఆఖరి ఐదు నిమిషాల్లోనే. పాలపదార్థాలు పొద్దున్నే వేస్తే విరిగిపోతాయి.

వేయించకుండా, మరిగించకుండా రుచిగా వచ్చే పాట్ రోస్ట్ లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. అమెరికాలో మిస్సిసిపీ రోస్ట్ అని ఒకటి బాగా పాకింది. మాంసం మీద ర్యాంచ్ మసాలా పొట్లం ఒకటి, ఎండు గ్రేవీ పొడి పొట్లం ఒకటి చల్లి, 100 గ్రాములకు పైగా వెన్న పెట్టి, వెనిగర్‌లో ఊరిన మిరపకాయలు నాలుగైదు పడేసి స్విచ్ వేయడమే. నిజంగానే బాగుంటుంది. ఎందుకు బాగుంటుందో ఇప్పటికి మీరే చెప్పగలరు. ఆ పొట్లాల్లో ఉప్పు, గ్లుటమేట్, ఎండిన ఉల్లి, వెల్లుల్లి ఉన్నాయి, మిరపకాయల్లో పులుపు ఉంది, వెన్నలో కొవ్వు ఉంది. రుచిని ముందే వండి పొట్లంలో పోసి అమ్మారు. ఉప్పు మాత్రం చాలా ఎక్కువ, రక్తపోటు ఉన్నవాళ్లు దాని జోలికి పోకపోవడం మేలు.

పాట్ రోస్ట్‌కు గరం మసాలా, ధనియాల పొడి, కారం దట్టించి మనది చేసుకోవచ్చా అంటే, నిక్షేపంగా చేసుకోవచ్చు. మంచి కూరే వస్తుంది. పాట్ రోస్ట్ మాత్రం అది కాదు. ఈ వంటలో మసాలా పక్కకు తప్పుకుని, వేగిన మాంసం వాసన ముందుకు రావాలి. ఒకసారి మసాలా లేకుండా చేసి చూసి, తర్వాత మీ చెయ్యి మీ ఇష్టం. నంజుకోవడానికి వాళ్లు బంగాళాదుంప ముద్ద చేస్తారు. నన్నడిగితే ఆ గ్రేవీకి వేడి జొన్నరొట్టె ఏమాత్రం తీసిపోదు.

జాగ్రత్తలు రెండు మూడు చెప్పకుండా వదలకూడదు. 4 డిగ్రీలకు, 60 డిగ్రీలకు నడుమ సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. స్లో కుక్కర్ ఆ మెట్టు నిదానంగా దాటుతుంది. అందుకే గడ్డకట్టిన మాంసాన్ని అందులో పెట్టకూడదు, ముందు ఫ్రిజ్‌లోనే పూర్తిగా కరగనివ్వాలి. మిగిలిన కూరను అందులో వేడిచేయకూడదు, పొయ్యిమీద మరిగించుకోవాలి. మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందని తెలిస్తే, ఎంతసేపు పోయిందో తెలియదు గనక, చూడ్డానికి బాగున్నా ఆ వంట పారేయాల్సిందే. వేసవి కోతలున్న ఊళ్లలో ఇన్వర్టర్ లేకుండా స్లో కుక్కర్ నమ్ముకుని బయటికి వెళ్లొద్దు. ఇంకొకటి, రాజ్మా గింజలు. నానబెట్టిన రాజ్మాను విడిగా బాగా తెర్లే నీళ్లలో పది నిమిషాలకు తక్కువ కాకుండా మరిగించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడే స్లో కుక్కర్‌లో వేయాలి. వాటిలోని విషపదార్థం సన్నని వేడికి పోదు, వాంతులు పట్టుకుంటాయి.

అసలు స్లో కుక్కర్ కొనాలా వద్దా? ఇంట్లో ఉండి వండుకునేవాళ్లకు అవసరం లేదని నా అభిప్రాయం. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దగ్గరికి పోతుంది గనక గంట, గంటంబావులో ఇదే మెత్తదనం వస్తుంది. ముందు వేయించడం, చివర మరిగించడం అక్కడా చేయాలి. ఓవెన్ ఉంటే బరువైన మూత ఉన్న ఇనుప గిన్నెలో 150 డిగ్రీల దగ్గర మూడున్నర గంటలు పెట్టండి. పైన పొడి వేడి తగిలి ఇంకాస్త రంగు తేలుతుంది, రుచిలో దానిదే పైచేయి. స్లో కుక్కర్ గొప్పతనం ఒక్కటే, దాన్ని వదిలి పనికి వెళ్లవచ్చు. పొయ్యిని అలా వదలలేం. పొద్దున ఏడింటికి పోయి సాయంత్రం ఆరింటికి వచ్చే ఇంటికి అది చిన్న వరమేమీ కాదు.

చేసినరోజు కంటే మర్నాడు ఇది ఇంకా బాగుంటుంది. గ్రేవీతో సహా ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన పలకలా గడ్డకట్టి చేత్తో తీసేయడానికి వీలవుతుంది. చల్లారిన మాంసం చెదరకుండా బిళ్లలుగా కోయడానికి వస్తుంది. ఆదివారం చుట్టాలు వస్తున్నారంటే శనివారమే వండేయండి. శనివారం వండాలంటే మాత్రం శుక్రవారం రాత్రి పడుకోబోయే ముందు ఉప్పు పట్టించడం మరవకండి.